సముద్రపు రీలుకు బండి కందెన

ఆదివారం పొద్దు వాలే వేళకు మా పెరటి తలుపు గొళ్ళెం చప్పుడయ్యేది. తీస్తే మా ఆయన. భుజాన గాలం కర్ర, చేతిలో తడి గోనెసంచి, మోకాళ్ళ దాకా బురద. నేను ఆయన మొహం చూసేదాన్ని కాదు. ఆయన వెనకాల సందులోకి తొంగి చూసి, "ఎవురన్నా చూసినారా?" అని అడిగేదాన్ని.

"ల్యాదులే" అనేవాడు.

అప్పుడుగానీ లోపలికి రానిచ్చేదాన్ని కాదు. పెరటి దారిన రమ్మన్నది కూడా నేనే. పెళ్ళయి కర్నూలుకు కాపరానికి వచ్చిన కొత్తలో ఆయన దర్జాగా వీధి వాకిట్లోంచే వచ్చేవాడు. ఎదురింటి ఆమె అరుగు మీద కూర్చుని, "ఏమ్మా ఓవర్సీరమ్మా, మీ ఆయప్ప ఉద్యోగం మానుకున్యాడా? ఏటి పని మొదులుపెట్టినట్లుండాడే!" అని పదిమందీ వినేలా అన్నది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ, ఇకమీదట పెరటి దారిన రావాలని చెప్పాను. ఆయన ఎందుకని అడగలేదు. చెప్పినట్టే చేశాడు.

ఆయన కాలువల శాఖలో ఓవర్సీరు. నాది కోడుమూరు దాపున ఒక మెట్ట పల్లె. వాన పడితే జొన్న, పడకపోతే దేవుడే దిక్కు. తాగే నీళ్ళకే తంటాలు పడే ఊళ్ళో చేపల మాట ఎక్కడిది? మా ఇంట పొట్టేలు కోసినా తప్పులేదు, కోడిని కోసినా తప్పులేదు, చేప మాత్రం పొయ్యి ఎక్కేది కాదు. గాలం వేయడం మా కళ్ళకు తక్కువ పని. నలభై ఎకరాల ఆసామి అల్లుడు, సర్కారు నౌకరీ చేసేవాడు, తుంగభద్ర ఒడ్డున ముల్లుకు ఎర్రలు గుచ్చుకుంటూ కూర్చున్నాడని మా వాళ్ళకు తెలిస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి? అదే ఒడ్డున అదే పని చేసి పిల్లలను సాకుతున్నవాళ్ళు ఉన్నారనీ, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదనీ నాకు అప్పట్లో తోచలేదు. తిండికి లేకపోయినా మీసాలకు సంపెంగ నూనె అన్నట్టు ఉండేది మా పల్లె పరువు. నేనూ ఆ పరువులోనే పుట్టి పెరిగాను.

ఒక ఆదివారం మా నాయన చెప్పాపెట్టకుండా బండి కట్టుకుని వచ్చాడు. అల్లుడేడని అడిగితే, "కాలువ గట్టు తెగిందంట, చూడను పోయినాడు నాయనా" అన్నాను. నా నోట్లోంచి ఆ మాట వస్తుండగానే పెరటి తలుపు కిర్రుమంది. మా ఆయన విన్నాడని నాకు తెలుసు. కాసేపటికి కాళ్ళు కడుక్కుని, తల తుడుచుకుంటూ ఒట్టి చేతులతో నట్టింట్లోకి వచ్చి, "అవును మామా, గట్టు బాగా దెబ్బతినింది" అన్నాడు. గాలం కర్రనూ చేపల సంచినీ కట్టెల మోపు వెనక పెట్టి వచ్చాడు. మర్నాటికి ఆ చేపలు చెడిపోతే తనే తీసుకుపోయి పారేశాడు. దాని గురించి నన్ను ఒక్క మాట అనలేదు. నేనూ ఎత్తలేదు. గండం గడిచిందనుకున్నాను, అంతే.

ఇంతకూ ఆయన ప్రాణమంతా ఉన్నది కర్రలో కాదు, దానికి బిగించే గిరకలో. దాన్ని ఆయన రీలు అనేవాడు. ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో పైన తెల్లదొర ఒకడు ఉండేవాడట. మద్రాసు సముద్రం ఒడ్డున వేటాడిన రీలు అది. దొర ఏటికి పోయినప్పుడల్లా ఎర డబ్బా మోసి, మోసి, మా ఆయన ఆ విద్య పట్టేశాడు. దేశం విడిచి పోతూ దొర ఆ రీలును ఈయన చేతిలో పెట్టి పోయాడు. ఇత్తడి పళ్ళచక్రాలు, నల్లటి రంగు లేచిపోయిన ఒళ్ళు, చేతికి అరిగి నున్నబడ్డ పిడి. ఆదివారం కోసం ఆరు రోజులు పని చేసే మనిషి ఆయన. శనివారం సాయంత్రమే దాన్ని విప్పి, ఆముదం చుక్కలు వేసి, తుడిచి, తిప్పి చూసుకునేవాడు. ఆ కరకర చప్పుడు వింటుంటే నాకు ఒళ్ళు మండేది.

కర్నూలు రాజధాని అయిన రోజులు. ఊరంతా గుడారాలు, సర్కారు కచేరీలు, ఇళ్ళకు కటకట. కోస్తా నుంచి వచ్చిన ఉద్యోగులు మా వీధిలో కూడా గదికొకరు చొప్పున దిగారు. అప్పుడే మా ఆయనకు పైన ఒక కొత్త ఇంజనీరు వచ్చాడు. సముద్రం పక్కన పుట్టిన మనిషి. చేప లేనిదే ముద్ద దిగదు. ఆయన దగ్గర కూడా ఒక రీలుంది. మా ఆయన దగ్గరున్న దాన్ని చేసిన కంపెనీదే, అదే రకం, కాకపోతే కొత్తగా మార్చి చేసినది. మద్రాసులో కొన్నాడట. ఆఫీసులో ఈ సంగతి బయటపడిన నాటి నుంచి ఇద్దరికీ అది తప్ప వేరే మాట లేదు. ఇంజనీరుగారేమో కొత్తదే గొప్ప అంటాడు. మా ఆయన పైవాడికి ఎదురు చెప్పలేక, పాతదాన్ని వదులుకోలేక నవ్వి ఊరుకుంటాడు. ఆఖరికి దసరాకు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూద్దామని అనుకున్నారు. పండగ నాడు సుంకేసుల ఆనకట్ట దగ్గర ఒకే బండ మీద నిలబడి, ఒకే బరువు సీసం కట్టి, ఎర గుచ్చి, ఇద్దరూ విసరాలి. దానికి ముందు ఇంజనీరుగారు పని మీద ఊరికి పోతూ, "ఇది నీ దగ్గర ఉంచవయ్యా, తీరిగ్గా తేడా చూడు. సముద్రం ఉప్పునీళ్ళకే చెక్కుచెదరని సరుకు, భయం లేదు" అని కొత్తదాన్ని కూడా మా ఆయన చేతికిచ్చాడు.

ఆ సాయంత్రం ఆయన నట్టింట్లో తెల్ల పంచె పరిచి రెండింటినీ దాని మీద పెట్టాడు. నేను పక్కన బియ్యంలో రాళ్ళేరుతున్నాను. చూడకూడదనుకుంటూనే చూశాను.

"ఇట్ల చూడు మే" అన్నాడు. "దారం కండె రెండిట్లోనూ తిరగదు. తిరగల్లో కింది రాయి మాదిరి అది కదలకుండా ఉంటాది. దాని చుట్టూ ఈ గిన్నె తిరిగి దారాన్ని చుడతాది. పాతదాన్ల్యో, విసిరేటప్పుడు దారాన్ని వేలితో తప్పించల్ల, విసిరినాక మళ్ళా వేలితోనే తెచ్చి ఈ కొక్కానికి తగిలించల్ల. చీకట్లోనైనా నా వేలికి తెలుస్తాది యాడుండాదో. కొత్తదాన్ల్యో ఆ పనే ల్యాదు. ఇదో, ఈ కమ్మీ చూడు. వంచి విసిరితే సరి. పిడి తిప్పితే దానంతట అదే మూసుకుంటాది."

టక్కుమని మూసుకుంది. బియ్యం చేట పక్కన పెట్టి, నేనూ ఒకసారి తిప్పి చూశాను. కొత్తది వెన్నలో వేలు పెట్టినట్టు పోయింది. పాతది కరకరమంటూ, ప్రతి పన్నూ చేతికి తెలిసేలా తిరిగింది. పిడి ఎడమ వైపు ఉంది రెండింటికీ. కర్ర కుడి చేత్తో పట్టుకుని, ఎడమ చేత్తో తిప్పాలట. ఎడమ చేత్తో చేసే పని ఏం కలిసొస్తుందని వెక్కిరించాను. ఆయన నవ్వాడు.

"రెండిట్ల్యో ఏది మేలు?" అని అడిగాను.

రెండింటి పిడులూ ఇంకోసారి తిప్పి చూశాడు. "కొత్తదే" అన్నాడు. "తేలిక, నునుపు, దారం చిక్కుపడదు. పాతది మేలంటే, అది నాది గాబట్టి అంటాండానని అనుకుంటారు. న్యాయంగా చెప్పల్ల గదా. అయితే చేప తగిలితే పాతది చేతికి చెప్తాది. కొత్తది చెప్పదు."

ఆ ఒక్క సాయంత్రం మాత్రం ఆయన పిచ్చి నాకు పిచ్చిగా అనిపించలేదు. ఒక మనిషికి ఇంత ఇష్టమైనది ఇంట్లో ఉంటే, దాన్ని నేను దొంగసొత్తులా దాపెట్టిస్తున్నానే అనుకున్నాను. ఆ తరవాత చేసిందంతా ఆ మంచి బుద్ధితోనే చేశాను. అందుకే మరింత సిగ్గు.

ఆయుధపూజ నాడు ఆయన పొద్దున్నే ఆఫీసుకు పోయాడు. అక్కడ గొలుసులకు, కొలత సామాన్లకు పూజ. మా పల్లెలో ఆ రోజు మడక, గుంటక, బండి, కొడవళ్ళు అన్నిటికీ స్నానం, బొట్టు. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ఎరువు తెచ్చుకున్న పనిముట్టు ఆ నాడు మన గడపలో ఉంటే, మన వాటికంటే ముందు దానికి చేయాలి. పక్కవాడి పార మన ఇంట్లో పస్తుంటే మన పొలం పండదనేవాడు మా నాయన. నా ఇంట్లో మడక ఎక్కడుంది? కత్తిపీట, రోకలి, ఇదిగో ఈ రెండు రీళ్ళు. ఇంజనీరుగారిదే ముందు చేయాలని నేనే తీర్మానించుకున్నాను.

చింతపండు నానబెట్టి, ఉప్పు కలిపి, బూడిద అద్ది తోమాను. సముద్రం ఉప్పుకే చెక్కుచెదరనిది నా చింతపండుకు చెదురుతుందా అని ధీమా. పాతది ఇత్తడి ముద్దలా తళతళలాడింది. కొత్తదాని ఆకుపచ్చ రంగు అక్కడక్కడా తెల్లబడింది. మురికి పోతోందనుకున్నాను. ఆరబెట్టాక చాకు మొనతో పక్క మరలు విప్పాను. ఆయన శనివారాలు విప్పుతుంటే చూసీచూసీ నాకూ వచ్చు. ఆయన ఆముదం చుక్కలే వేసేవాడు. నాకు అది పిసినారితనంగా తోచింది. బండి ఇరుసుకు పెట్టే కందెన నాకు తెలియదా? వరిగడ్డి కాల్చి, ఆ మసిని ఆముదంలో నూరి, రెండింటికీ నిండా పట్టించాను. పాతది తాగినంత తాగి, మిగతాది బయటికి కక్కింది. కొత్తదాని పళ్ళు ఎంత సన్నగా, ఎంత దగ్గరగా ఉన్నాయో చూసి కూడా నాకు బుద్ధి రాలేదు. వేలితో కూరాను. మర బిగించకముందే పసుపు, కుంకుమ, అక్షతలు లోపలికీ పడేలా చల్లాను. పూజ చేసేటప్పుడు పైకి చేస్తే చాలుతుందా?

ఆయన వచ్చేసరికి దేవుడి పటం ముందర పీట మీద రెండు రీళ్ళూ గంధం, కుంకుమ పెట్టుకుని, ముద్దబంతి పూలు చుట్టుకుని ఉన్నాయి. ఆయన గడపలోనే ఆగిపోయాడు.

"నువ్వే చేసినావా?" అన్నాడు.

"ఇంకెవురు చేస్తారు?"

టెంకాయ తానే కొట్టాడు. సాయంత్రం దాకా ఏ కారణం లేకుండా నవ్వుతూనే ఉన్నాడు. నాకు తెలిసి ఆయన అంత సంతోషంగా ఉన్నది ఆ పూటే.

మర్నాడు ఇంజనీరుగారు జీపు పంపించాడు. ఆడవాళ్ళనూ రమ్మన్నారు కాబట్టి నేనూ పోయాను. ఆనకట్ట మీద నీళ్ళు తెల్లగా దూకుతున్నాయి. బంట్రోతులు, ఇద్దరు ముగ్గురు గుమాస్తాలు, వాళ్ళ ఇళ్ళ ఆడవాళ్ళు, ఒక చిన్న జాతరలా ఉంది. ఇంజనీరుగారి భార్య నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. మా ఆయన పాతదానితో ముందు విసిరాడు. సీసం గుండు మెరుస్తూ పోయి దూరంగా పడింది. అందరూ చప్పట్లు కొట్టారు. తరవాత ఇంజనీరుగారు కమ్మీ వంచి విసిరాడు. అదీ దూరమే పోయింది, ఇంకాస్త ఎక్కువే కావచ్చు. పడీపడగానే ఏదో దారాన్ని సర్రున లాగింది.

"వాలుగ! పెద్దది!" అని బంట్రోతు అరిచాడు.

ఇంజనీరుగారు పిడి తిప్పాడు. కమ్మీ మూసుకోలేదు. బలంగా తిప్పాడు. లోపల ఏదో గుర్రుమని, పిడి ఆగిపోయింది. దారం బుసబుసా పోతోంది. చేత్తో పట్టుకోబోతే వేలు కోసుకుంది. టప్పున తెగింది. చేప పోయింది.

ఆయన మొహం కందగడ్డ అయింది. అక్కడే బండ మీద కూర్చుని మర విప్పాడు. నల్లటి ముద్ద, అందులో పసుపు బియ్యపు గింజలు, కుంకుమ. ఒక బంట్రోతు ఆపుకోలేక, "పూజ బలంగా చేసినారప్పా!" అన్నాడు. అందరూ నవ్వారు.

"ఎవరు చేశారయ్యా ఇది?"

మా ఆయన నోరు తెరవబోయేంతలో నేనే లేచాను. "నేనే చేసినా సార్. ఆయుధపూజ గదా, బండి కందెన పెట్టినా" అన్నాను. నా గొంతు ఎంత గట్టిగా వచ్చిందో! ఈసారి నవ్వు ఆనకట్ట నీళ్ళ మోతను మించింది. ఇంజనీరుగారి భార్య కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భూమి చీలితే బాగుండుననిపించింది.

"బండి కందెన!" అని ఇంజనీరుగారు తలపట్టుకుని, మా ఆయన వైపు తిరిగాడు. "ఆడవాళ్ళ చేతికి ఎలా ఇచ్చావయ్యా? సరే, పోయిందేదో పోయింది. నీది ఇలా ఇవ్వు, ఈ పూట గడుపుకుంటాను."

మా ఆయన తన రీలు కర్ర నుంచి విప్పి ఇచ్చేశాడు. "తప్పు నాదే సార్, నేను చెప్పింటే ఆమెకు తెలిసేది" అన్నాడు. పొద్దు వాలేదాకా ఇంజనీరుగారు దానితోనే వేటాడాడు. తిరిగి వచ్చేటప్పుడు అది ఆయన జీపులోనే ఉండిపోయింది. పైవాడిని ఇమ్మని ఎలా అడుగుతాడు? జీపులో మా ఆయన నా పక్కన కూర్చుని, "ఏం కాల్యాదులే, ఏడవద్దు" అన్నాడు. నేను ఏడుస్తున్నానని నాకే తెలియదు.

ఆ పై ఆదివారం ఆయన ఏటికి పోలేదు. ఆ తరవాతా పోలేదు. కర్రను తనే గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాడు. ఇంట్లో నీచు వాసన పోయింది. ఎదురింటి ఆమె నోరు మూతపడింది. పుట్టింటి వాళ్ళు ఎప్పుడు వచ్చినా నాకు బెదురు లేదు. నేను కోరుకున్నదంతా జరిగింది. మొదట్లో హాయిగానే ఉన్నానని చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గవుతోంది. తరవాత తరవాత ఆదివారాలు ఆయన అరుగు మీద కూర్చుని ఉంటే, ఒళ్ళో ఎడమ చేయి తనకు తెలియకుండానే గుండ్రంగా తిరుగుతుండేది. నేను బయటికి వస్తే ఆపేసేవాడు. ఆ రీలు పోయిందన్న దిగులే అనుకున్నాను. అడుగు, అడిగి తెచ్చుకో అని పోరాను. "ఉండనీలే" అనేవాడు.

రాజధాని హైదరాబాదుకు తరలిపోయే రోజులు వచ్చాయి. గుడారాలు పీకుతున్నారు, లారీలు కడుతున్నారు. ఇంజనీరుగారికీ బదిలీ అయిందని తెలిసి, మా ఆయనకు చెప్పకుండా నేనే వాళ్ళ బంగళాకు పోయాను. సామాన్ల మధ్య ఇంజనీరుగారి భార్య నన్ను చూసి ఆశ్చర్యపోయింది. నేను నీళ్ళు నమిలి, చివరికి అడిగేశాను.

"అయ్యో, మీకు తెలీదాండీ?" అంది ఆవిడ. "ఆ నెల్లోనే మద్రాసు పంపించి మావారు కొత్తది బాగుచేయించుకున్నారు. పాతది మీవారికి తిరిగి ఇవ్వబోతే ఆయనే వద్దన్నారట. పోనీ, కొత్తదైనా తీసుకోమన్నారు. అదీ వద్దన్నారట."

"ఎందుకు?"

ఆవిడ కాస్త తటపటాయించింది. "మీవారేమో, 'మా ఇంట్లో ఆమెకు నామోషీగా ఉండాది సార్, ఎవరన్నా చూస్తారేమోనని వారం వారం భయపడతాంది. పాపం, పూజ చేసిందంటే ఎంత మనసు చంపుకుని చేసిందో! ఇంక చాలు సార్, మీ దగ్గరే ఉండనీండి' అన్నారట. మావారు ఇప్పటికీ చెబుతారు ఆ మాట."

ఆనకట్ట దగ్గర అంతమంది నవ్వినా అంత సిగ్గు పడలేదు. ఆ పూజ నేను మనసు చంపుకుని చేసిందని ఆయన అనుకున్నాడు. అలా కాక ఎలా అనుకుంటాడు? వారం వారం పెరటి గుమ్మంలోనే నిలబెట్టి నేను అడిగింది ఒక్కటే ప్రశ్న.

ఆవిడ పెట్టె అడుగు నుంచి పాత రీలు తీసి ఇచ్చింది. నేను దాన్ని కొంగు చాటున పెట్టుకోలేదు. చేత్తో పైకి పట్టుకుని, సందుల్లోంచి కాదు, నడివీధిలోంచి నడిచాను. ఎదురింటి ఆమె అరుగు మీదే ఉంది. "ఏందమ్మా అది?" అంది. "మా ఆయన గాలం గిరక" అని, ఆగి మరీ చెప్పాను. వీధి వాకిట్లోంచే ఇంట్లోకి పోయాను.

మా ఆయన చాప మీద కూర్చుని ఉన్నాడు. రీలు ఆయన ఒళ్ళో పెట్టాను. దాన్ని చూశాడు, నన్ను చూశాడు. ఎడమ చేయి దానంతట అదే పిడి మీదికి పోయింది. తిప్పలేదు. నా వెనక బార్లా తెరిచి ఉన్న వీధి తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఎవురన్నా చూసినారా?"

ఎత్తిపొడుపు కాదు. ఆయనకు అది చేతకాదు. నిజంగానే నా పరువు కోసం బెదిరి అడిగాడు. నేను బదులు చెప్పేలోపే లేచి పోయి, ఆ తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.